బెత్లెహేములో రాగిసంకటి

బెత్లెహేములో రాగిసంకటి తింటారా పిల్లోళ్లారా? గ్లోరీ, నువ్వు చెప్పు. బైబిలు క్లాసులో ఫస్టు గదా నువ్వు.

తినరు. మరి మా నాయన నాటకంలోకి ఎట్లొచ్చింది సంకటి? మీ చర్చి కమిటీవాళ్లు మీటింగు మీద మీటింగు పెట్టేదానికి బదులు ఈ ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. ఎవరో లేచి ‘జయరత్నం రాసింది కాదది’ అన్నాడంట. పుస్తకం అచ్చేస్తాండాము, అట్ట మీద ఎవరి పేరు వేయాలో అవ్వనే అడిగి రాండని మిమ్మల్ని తోలినారు. కన్నతండ్రి మీద నన్ను సాక్ష్యం అడుగుతాండారు, చూడు.

కూర్చోండి. విడమరిచి చెప్తాను. మధ్యలో అడ్డం రావద్దు.

నాయన జయరత్నం మదనపల్లెలో మిషన్ బడి పంతులు. హేరోదు రాజు బెత్లెహేము పసిబిడ్డల్ని చంపించిన కథను నాటకం కట్టినాడు. క్రిస్మస్ వస్తే పుంగనూరు నుంచి కుప్పం దాకా అదే ఆట. హేరోదు డంబాలు, తాగిన సిపాయిల ఎకసెక్కాలు, అవన్నీ నాయనవే. ఇంట్లో కూడా అట్లే మాట్లాడేవాడు. సందేహమంతా బిడ్డను పోగొట్టుకున్న తల్లి యేడుపు దగ్గరే.

నాకొక తమ్ముడు ఉండేవాడు. ఏలియా. నలభై మూడులో జ్వరమొచ్చి పోయినాడు, ఇంకా మాటలు సరిగ్గా రాలేదు వానికి.

మా అమ్మ సువార్తమ్మది సోమల పక్క పల్లె. ఆ ఊర్లో బిడ్డ పోతే తల్లి పక్కన కూర్చోని, పేరు పెట్టి పిలుస్తా, వాడు తిన్నవీ ఆడినవీ చెప్పుకుంటా, రాగం తీసి యేడవాల. యేడవకపోతే పోయినోడు గడప దాటలేక ఆన్నే నిలబడిపోతాడని వాళ్ల నమ్మకం. ఏలియా పక్కన కూర్చోని అమ్మ అట్లే నోరు తెరిచింది. పాస్టరయ్య చెయ్యెత్తినాడు. ‘మనం అట్ల యేడవకూడదమ్మా. ప్రభువు దగ్గరికే గదా పోయింది. కీర్తన ఎత్తుకో.’

అమ్మ కీర్తన ఎత్తుకునింది.

మింగిన యేడుపు యాడికి పోతాది? ఇసుర్రాయి కాడ బయటపడింది. రాగులు ఇసురుతా, రాయి గరగరలో కలిపి, ‘సంకటి సల్లారతాండాది, లెయ్యి ఏలియా’ అని పాడుకునేది. పక్క గదిలో నాయన కాగితాలు ముందర పెట్టుకోని వింటా ఉండేవాడు. రాసుకునేదానికి విన్నాడా, తనూ కొడుకును తలుచుకునేదానికి విన్నాడా? అది నాకు ఇప్పటికీ తెలీదు. తెలీనిది తెలీదనే చెప్పాల.

ఆ యేటి నాటకంలోకి తల్లి యేడుపు వచ్చింది. సంకటి తీసి పాలూ తేనే పెట్టినాడు. ఏలియా తీసి నా కన్నా అని పెట్టినాడు. రాగం మాత్రం అమ్మదే.

మరుసటేడు కుప్పంలో ఆట. తల్లి వేషం నల్లప్పది. మీసం తీయప్పా అంటే, ‘మీసం లేకుండా ఇంటికి పోతే, నేను బతికుండంగానే నాకు కర్మం చేసొచ్చినావా అంటాడు సార్ మా నాయన’ అని, మూతికి కొంగు అడ్డం పెట్టుకోనే పాడేవాడు. సరిగ్గా ఆ యేడుపు కాడ మాట మరిచిపోయినాడు. హార్మోనియం అదే ముక్క తిప్పి తిప్పి వాయిస్తాండాది. ఆడోళ్ల వరసలో, నా పక్కనుంచి, అమ్మ అందించింది.

‘సంకటి సల్లారతాండాది, లెయ్యి ఏలియా.’

నల్లప్ప అందుకున్నాడు. జనమంతా యేడుపు. కీర్తన ఎత్తుకోమన్న పాస్టరయ్య కూడా కండ్లు తుడుచుకున్నాడు. ‘రాసినాయన పెండ్లాం గదా, ఆటంతా నోటికొచ్చు’ అని వెనకాల ఎవరో మెచ్చుకున్నారు. ఆటలో లేని మాట అదని ఆ జనంలో మా ఇంటివాళ్లకే తెలుసు. నాయన తెర పక్కనుంచి అమ్మను చూస్తాండాడు. అమ్మ ఆయన్ని చూడలేదు. బిడ్డ అని చెప్పి పడుకోబెట్టిన గుడ్డల మూటను చూస్తాండాది, లేస్తాదేమో అన్నట్టు.

ఆ పొద్దు నుంచి సంకటీ ఏలియా నాటకంలోనే ఉండిపోయినారు. నాయనకు పేరొచ్చింది ఆ మాటతోనే.

నలభై ఎనిమిదిలో అమ్మ పోయింది. తర్వాత నాయన ఒక్క నాటకమూ రాయలేదు. ఒక మధ్యాన్నం నేను బడి నుంచి వస్తే, ఇసుర్రాయి ముందర కూర్చోని తిప్పుతాండాడు. గింజ లేదు. ఒట్టి రాయి. ‘ఒట్టి రాయి ఎందుకు తిప్పుతాండావు నాయనా?’ అన్నాను.

‘వినపడతాదేమో అని’ అన్నాడు.

ఇంగ పేరంటారా? నాయన పేరే వేసుకోమనండి. అమ్మ పేరు వేస్తే నాటకం రాసినామె అంటారు. ఆమె నాటకం రాయలేదమ్మా. బిడ్డను లేపింది.

మొన్న క్రిస్మస్‌కి మీరే చూసొస్తిరి గదా. పుంగనూరులో లేపినారు. కుప్పంలో లేపినారు. ఇన్నేండ్లుగా ఊరూరా లేపుతానే ఉండారు వాన్ని. పడుకోనీరు.

సరే, లెయ్యండి. ఉలవలు సగం ఇసిరి వదిలేసి వచ్చినాను, తక్కినవి కానియ్యాల. నువ్వు పట్టొద్దులే గ్లోరీ, నేనొక్కదాన్నే ఇసురుకుంటాను. పొయ్యేటప్పుడు ఆ గడప కాడ కొంచెం చూసి దాటండి.