ముందు సంతకాలు, తర్వాత రాత

నా పేరు చిట్యాల ఎల్లన్న, తండ్రి పోశయ్య. వయసు అరవై రెండు. బొగ్గు గనిలో పంపు ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాను. చంద్రపూర్‌లో ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో భార్య సత్తమ్మతో ఉంటున్నాను. పదకొండేళ్లుగా సొసైటీ సెక్రటరీని.

మా దగ్గర మీటింగ్ అంటే అందరూ ముందు ఖాళీ కాగితం మీద సంతకాలు పెడతారు. జరిగింది నేను తర్వాత రాస్తాను. ఇన్నేళ్లలో ఎవరూ ఏమీ అనలేదు.

మూడో అంతస్తు గిరిధర్ నిరుడు వచ్చాడు. గడ్‌చాందూర్ దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు. సర్కారు సొసైటీ చట్టం మార్చబోతోందట; ఒకే మనిషి రెండు విడతలకు మించి సెక్రటరీగా ఉండకూడదని, ఓనరు అడిగితే ఏ కాగితమైనా చూపాలని ముసాయిదాలో ఉందట. అతనే అందరికీ మరాఠీలోంచి చదివి చెప్పాడు. అభిప్రాయాలు పంపడానికి మార్చి 20 ఆఖరు. అప్పటినుంచి నల్లా నీళ్లు రాకపోయినా అతన్నే అడిగారు. నల్లా సంగతి నాకు తెలుసు. అతనికి తెలియదు. అయినా అతన్నే అడిగారు.

మార్చి 9 ఆదివారం ఉదయం పది గంటలకు కింద పార్కింగ్‌లో మీటింగ్ జరిగింది. సంతకాలు అయ్యాక కాగితం మడిచి జేబులో పెట్టుకుంటుంటే గిరిధర్ అన్నాడు: "కాకా, రాసినంక సంతకం పెడ్తరు గని, సంతకం పెట్టినంక రాసుడేంది?"

అందరూ నవ్వారు. సత్తమ్మ కూడా నవ్వింది. తర్వాత అతనికి చాయ్ ఇచ్చింది. నాకు పోసే స్టీలు గ్లాసులో కాదు, చుట్టాలకు తీసే కప్పులో.

11న మధ్యాహ్నం రెండు గంటలకు, దరఖాస్తులు రాసే అతనితో ఆ సంతకాల పైన "ఈ మార్పులు మాకు వద్దు" అని మరాఠీలో రాయించాను. పద్దెనిమిది సంతకాలు. ఎవరినీ అడగలేదు. సొసైటీల ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

13న గిరిధర్ "మార్పులు కావాలి" అనే కాగితం మీద సంతకాలు తీసుకుని అక్కడికే వెళ్లాడట. రెండింటిలోనూ అవే పేర్లు. అందుకే నా మీద ఈ ఠాణాలో ఫిర్యాదు చేశాడు.

ఇవాళ మార్చి 17, ఉదయం పదకొండున్నరకు మీరు రెండు కాగితాలూ నా ముందు పెట్టారు. నా దాంట్లో సత్తమ్మ సంతకం ఐదోది. అతని దాంట్లో మొదటిది.

ఆమె నాతో వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. వెళ్లి, అతని దాంట్లో ఎందుకు పెట్టావని గట్టిగా అడిగాను.

"నువ్వు ఎన్నడన్న చదివి చెప్పినవా?" అంది. "ఆ పిలగాడు చదివిండు. విన్న. పెట్టిన. ఇగ ఒర్రకు, ఇది ఠాణా."

పద్దెనిమిది మందిని అడగకుండా రాయించింది నేనే. నా కాగితం వాపసు తీసుకుంటాను. గిరిధర్ కాగితం మీద మాత్రం సంతకం పెట్టను. ఈ మాట కూడా రాసుకోండి.

పైదంతా నేను చెప్పిందే, జరిగిందే. ఎవరూ బెదిరించి చెప్పించలేదు.

(సంతకం) చిట్యాల ఎల్లన్న