మూడు మీద ఫ్యాను

స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా రిటైరైన రెండు నెలల్లో, ప్లాంటు వాళ్ల రిసాలి కాలనీ క్వార్టర్లో కిర్రుమనే తలుపు దగ్గర్నుంచి హాల్లో ఫ్యాను దాకా అన్నిటి చప్పుడూ ఆయన మాన్పించేశాడు. వాన వెలిసి ఉక్కపోస్తున్న ఆ మధ్యాహ్నం, భార్య మాత్రం గదిగదికీ తిరుగుతోంది.

“ఏటలా తిరుగుతన్నావు? కాలు నిలవట్లేదేటి?”

“శ్రుతి కోసం ఎతుకుతన్నాను. ఫ్యాను నోరు నొక్కీసేరు కదా.”

“బేరింగు అరిగిపోతే మార్చీసేను. మిషను మూలిగిందంటే జబ్బున్నట్టే.”

“మీకది మూలుగు, నాకు తంబూరా. ఈ క్వార్టరుకొచ్చిన్నాటి నుంచి దానిమీదే పాడుకుంటన్నాను.”

“ఫోన్లో శ్రుతి యాప్ ఉంటాదంట.”

“అదీ పెట్టి చూసేను. గొంతు లేవట్లేదు.”

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత లేచి, పనిముట్ల డబ్బాలోంచి నూనెగుడ్డలో చుట్టిన పాత బేరింగు తీశాడు.

“పారీలేదేటి?”

“ఫిట్టరు ఏదీ పారీడు. నిచ్చెన పట్టుకో.”

అరగంటకి ఫ్యాను మళ్లీ మూలిగింది.

“సరిపోయిందా?”

“తగ్గించండి. మూడు మీద. ఆఁ, అదే.”

“ఇన్నేళ్లు పాడితే నేనొక్కనాడూ వినలేదేం?”

“ఎలా వింటారు? డ్యూటీ నుంచి రాగానే ఉడికిపోతన్నానని అయిదు మీద పెట్టీసేవోరు. శ్రుతి మారిపోయేది, నేను పాట ఆపీసేదాన్ని.”

ఆయన రెగ్యులేటరు మీంచి చెయ్యి తీసేసి, వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

“చెమటలు పోస్తన్నాయి మీకు.”

“పోయనీ. పాడు.”