సర్పంచమ్మ మతం

“పోయిన డిసెంబరు ఇరవై ఐదో తేదీ. ఆ పొద్దు ఇంట్లో ఏం తిన్నారు సార్?”

పాకాల దగ్గరి ఎస్సీ కాలనీలో, రిటైరైన లెక్చరర్ జయరావు ఇంటి వరండా. అడుగుతున్నది విచారణకు వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ మునికృష్ణ. గడపలో నిలబడి ఉన్నది జయరావు కూతురు కోమలి, ఆ ఊరి సర్పంచి.

“సంగటి. కోడికూర.”

“కేకు?”

“కేకు... పక్కింటోళ్లు ఇచ్చినారప్పా. ఒక ముక్క.”

“నాయనా! ముక్క సంగతి నువ్వెందుకు చెప్పేది?”

“తిన్నాను గదమ్మా.”

“అయితే రాసుకోండి సార్. గంగజాతరకు అంబలి గూడా తాగినాం. అది రాసినారా?”

“రాస్తా సర్పంచమ్మా, రాస్తా. నాకేమన్నా సరదానా? ఓడిపోయినోళ్లు అర్జీ పెట్టినారు. ఇది ఎస్సీ సీటు. మీరు కిరస్తానమని తేలితే ఎస్సీ కింద లెక్క కాదు, సర్పంచీ పోతాది. చట్టం అట్లుండాది.”

“చట్టానికి నా దేవుడితో ఏం పని? దసరాకు మీ ఆఫీసు జీపు ముందర గుమ్మడికాయ కొట్టలా?”

“అది ఆచారమమ్మా.”

“మీరు కొడితే ఆచారం, మేం కేకు తింటే మతమా?”

“కోమలీ, నిదానం. ముందు ఆయనకు కాఫీ ఇయ్యి.”

“వద్దు సార్. ఈడ కాఫీ తాగినానని నామీద ఇంకో అర్జీ పెడతారు. మీ ఆవిడ సంగతి చెప్పండి. ప్రసన్నకుమారిగారు చర్చికి పోయేవాళ్లా?”

“ప్రసన్న... బాగా పాడేది.”

“యాడ పాడేది?”

“వంటింట్లో గూడా పాడేదప్పా.”

“సార్.”

“పోయేది. ఆదివారం ఆదివారం పోయేది. నేను గేటు కాడ స్కూటర్ మీద కూర్చొని పేపరు చదువుకుంటా ఉంటిని. ప్రార్థన అయినాక ఇద్దరం ఇడ్లీ తిని వచ్చేవాళ్లం. నాకని ఒక వడ ఎక్కువ చెప్పేది.”

“మరి సర్పంచమ్మ?”

“చిన్నప్పుడు అమ్మతో చర్చికి పోయినా. నాయనతో గంగమ్మ కాడికి పోయినా. ఇప్పుడు పంచాయతీ ఆఫీసుకు పోతా ఉండా.”

“బాప్టిజం?”

“తీసుకోలా.”

“అదొక్కటే అయితే నేను ఈపాటికి లేచి బయల్దేరుందును. అర్జీలో ఇంకోటి ఉండాది. మీ అమ్మ సమాధి మీద సిలువ ఉండాదంట. మీ ఇంటోళ్లే నిలబెట్టినారంట.”

“మా అమ్మను శ్మశానానికి ఎట్లా తీసుకొని పోయినామో రాసినారా దాంట్లో?”

“అది కాదమ్మా...”

“అదే సార్! దారి లేదు. మడి గట్టు మీద పోతామంటే, కాలనీ శవం మా మళ్లో నుంచి పోకూడదన్నారు. వంకలో దిగి, నడుం లోతు నీళ్లలో మోసినాం. నాయన పాడె కింద తూలి పడబోయినాడు. ఆ పొద్దు ఆయమ్మ ఏ దేవుడికి మొక్కిందని ఒక్కడన్నా అడిగినాడా?”

“అడిగుండరు.”

“ఆ దారి కోసమే నేను నిలబడింది. సగం రోడ్డు పడింది. సీటు పోతే మిగతా సగం ఎవరేస్తారు? అర్జీ పెట్టినోళ్ల మడి ఆడే ఉండాది.”

“నాకు తెలుసు. జయరావు సార్, మీరన్నా వినండి. అర్జీతో ఫోటో పెట్టలా. నేనే పోయి సూసి తీయాల. పొద్దు గూకింది. నా ఫోను మసక వెలుతుర్లో సరిగా తీయదు.”

“మంచి ఫోను మాదిరే ఉండాదే?”

“తీయదు సార్. రేపు తొమ్మిదికి వస్తా. అప్పుడు ఆడ ఏముంటే అది రాస్తా. లేకుంటే లేదని రాస్తా. ఉంటా.”

మునికృష్ణ బండి మలుపు తిరిగింది. తండ్రీ కూతురు మిగిలారు.

“మంచోడమ్మా.”

“మంచోడే. తెల్లారేదాకా టైమిచ్చి పోయినాడు. నాయనా, ఆ గడ్డపార ఎందుకు తీస్తా ఉండావు?”

“పోయొస్తా.”

“యాడికి? నాయనా! ఆ సిలువకు సిమెంటు కలిపింది నువ్వే గదా!”

“నేనే. ఎంత పోసినానో నాకు తెలుసు. కదిలిస్తే వస్తాది.”

“నువ్వు చర్చి గేటు గూడా దాటనోడివి...”

“మీ అమ్మ అడిగింది, పెట్టినా. ఇప్పుడడిగితే తీసేయమంటాది. రోడ్డే కావాలంటాది.”

“అంటాదా?”

“అంటాది. అనకపోయినా కోప్పడదు. నామీద ఎప్పుడన్నా కోప్పడిందా?”

“పీకి యాడ పెడతావు?”

“మంచం కింద. రోడ్డు పడినాక మళ్లా నిలబెడదాం.”

“అమ్మను మంచం కింద దాచి నేను పోయి ఆ కుర్చీలో కూసోవాల్నా?”

“రోడ్డమ్మా...”

“ఆ రోడ్డు అమ్మ కాడికి పోయేదానికే గదా! ఆడ అమ్మ లేదని చెప్పి ఏయించుకోవాల్నా?”

“సీటు పోతాది కోమలీ.”

“పోతే కోర్టుకు పోతా. ఆడా పోతే, సర్పంచి కాకుండానే పోయి రోడ్డు అడుగుతా. గడ్డపార ఇట్లా తే.”

“నువ్వొద్దు, నేనే పోతాలే.”

“పోయేదానికి కాదు. మన తలుపు గడియ ఇరిగుండాది గదా, దానికి అడ్డం పెడతా. నువ్వు పండుకో. పొద్దున ఆ సారును నేనే తోడుకొని పోయి అమ్మను సూపిస్తా.”