కాంతవ్వ పెట్టిన కూడిక

"గా కుర్చీలు వాపస్ పంపియ్యమ్మా! ఇప్పుడే పంపియ్!"

యూసుఫ్‌గూడలోని తమ గల్లీలో టెంట్‌హౌస్ కుర్చీలు దిగుతుండటం చూసి ఒళ్ళు మండిన బబ్లూ, ఉల్లిగడ్డలు కోస్తున్న తల్లి కాంతవ్వ ముందుకు చెప్పులతోనే వచ్చి నిలబడ్డాడు.

"చెప్పులిడువు బబ్లూ. వంటిల్లిది."

"చెప్పుల సంగతి తర్వాత. గల్లీ మలుపు కాడికెళ్ళి ఇంటిదాంక ఒకటే అడుగుడు. చర్చోళ్ళను పిలిచి కృతజ్ఞత కూడిక పెడుతున్రట, నౌకరి ఒచ్చిందా, స్వీటేది అని. జోగారావు సారైతే షేక్‌హ్యాండిచ్చి ఏ కంపెనీ అన్నడు. నేనేం చెప్పాలె?"

"ఏం చెప్పినవ్?"

"తలకాయ దించుకొని ఒచ్చిన. లచ్చమ్మత్త ఒక్కతే ఏమడగలే. కొత్తిమీర కట్టలు పట్టుకొని నిలబడి, నా తల నిమిరి పోయింది. రైలు స్టేషన్ కాడ తన చాయ్ డబ్బా సుత బంద్ పెట్టిందంట."

"నేనే పిలిచిన."

"ప్రార్థన కూడికకా? ఆమె బోనమెత్తుతది గదమ్మా!"

"ఎత్తితే? అన్నం తినదా?"

"అమ్మా, జర ఇను. నేను ఈసారి సుత సెలెక్ట్ కాలే. ఇందాక మైత్రీవనం కాడ ఉన్నప్పుడే మెయిల్ ఒచ్చింది."

"అయ్యో... అన్నం తిన్నవా?"

"నౌకరి రాలేదంటున్న!"

"ఇన్న. తిన్నవా అని అడుగుతున్న."

"రాని నౌకరికి కూడికేందమ్మా? మన చర్చిల ఇదొక పిచ్చి. దొరకక ముందే దొరికిందని సాక్ష్యం చెప్పుడు, దానికి విశ్వాసమని పేరు పెట్టుడు. హైమవతి ఆంటీ ఇల్లు కొన్నమని మైకుల చెప్పింది. ఇంక కిరాయింట్లనే ఉన్నది!"

"నేను నౌకరి అన్ననా?"

"మరేమన్నవ్?"

"మా బబ్లూ కోసం కూడిక అన్న. గంతే."

"గంతేనా! వినేటోళ్ళు ఏమనుకుంటరు? పాస్టరయ్య అందరి ముందట నన్ను లేపి నిలబెడితే?"

"నిలబెట్టడు. ఆయనకెరుకే."

"ఏమెరుక?"

"గా గిన్నె అందియ్యి."

"అమ్మా, ఏమెరుక?"

"గిన్నె, బబ్లూ."

"ఇగో, పట్టు గిన్నె! కొత్త సంవత్సరం ఆరాధనల పళ్ళెంలకెళ్ళి బైబిల్ వాక్యమున్న వాగ్దానం కార్డు తీసిన. ఎవ్వడు ముయ్యలేని తలుపు దేవుడు తెరుస్తడని ఉన్నది. నువ్వు ఫ్రిజ్ మీద అతికిచ్చినవ్. ఏదమ్మా తలుపు? అమీర్‌పేటల తట్టని తలుపు లేదు. అయితే ఆయనన్న అబద్ధమాడుతుండు, లేకుంటే నేనన్న పనికిరానోణ్ణి. రెండిట్ల ఏదో నువ్వే చెప్పు."

"గా మాట అనకు!"

"దేవుణ్ణి అన్నందుకా?"

"దేవుణ్ణి ఎంతన్న తిట్టుకో. నిన్ను నువ్వు అనుకోకు. ఆయన్ను నేను సుత తిట్టిన."

"నువ్వా?"

"ఏం, నాకు కోపం రాదా? చెప్పులు సుత లేకుండ రోడ్డు మీద ఉరుక్కుంట తిట్టిన. నీ మాట పట్టుకొని ఇన్నేండ్లు బతికితి గదయ్యా, గిట్లనా చేసేది అని. పొయ్యేటోళ్ళు పిచ్చిదనుకున్నరు."

"చెప్పుల్లేకుండ ఏడికి పోయినవ్?"

"ఏడికో పోయిన."

"ఎప్పుడు?"

"నువ్వు ఫోన్ బంద్ పెట్టుకున్న దినం."

"...బ్యాటరీ అయిపోయిందని చెప్పిన గద."

"చెప్పినవ్ గద. నేనేమన్న అడిగిననా?"

"సరే తియ్. నేను బయటికి పోతున్న. కూడిక అయినంక ఒస్త."

"ఏడికి?"

"ఏడికో ఒకాడికి."

"ఏడికి బబ్లూ?"

"చెయ్యి ఇడువమ్మా. గింత గట్టిగ పట్టుకుంటరా? నొస్తుంది."

"నొయ్యనియ్. పొద్దుగాల నువ్వు గడప దాటేటప్పుడు తల మీద చెయ్యి పెట్టి ఏమంట రోజు?"

"నా పోకడ, నా రాకడ ఆయన కాపాడుతడని. ఆలస్యమైతుందని మొత్తుకున్నా ఇడువవు."

"నీ కార్డుల ఏమున్నదో నాకు యాదికి లేదు బిడ్డా. నేను పట్టుకున్న వాగ్దానం గదొక్కటే."

"పొయ్యి ఒచ్చుడుకు కూడికేందమ్మా? అందరు పోతరు, అందరొస్తరు!"

"అందరు రారు. గా దినం నువ్వు ప్లాట్‌ఫారం చివర పట్టాల దిక్కు చూసుకుంట నిలబడ్డవని లచ్చమ్మ ఫోన్ చేసింది. పిలిస్తే దుంకుతవేమోనని పిలువలేదంట. రైలొచ్చి పోయినంక నువ్వు కనబడలేదన్నది. పట్టాల పొంటి ఆ చివరిదాంక ఎతికిన బిడ్డా. ఏడ్చుకుంట ఇంటికొచ్చి తాళం తీద్దామని చూస్తే తాళమే లేదు, లోపట్నుంచి నువ్వే తలుపు తీసినవ్. ఏడికి పోయినవమ్మా, ఆకలైతుంది అన్నవ్... గందుకు పెట్టిన ఈ కూడిక."