వరండాలో ఇద్దరు సభ్యులు

అవార్డుకి తర్వాత సాలీళ్ల మీద పరిశోధన చేసే ఒకావిడ పేరు చదవగానే, సైన్సు సంఘం ఎంపిక కమిటీలోంచి ఇద్దరిని బయటికి పంపి తలుపేశారు. ఒకాయన పెద్దాయన, ఒకమ్మాయి కొత్త సభ్యురాలు. ఇద్దరూ వరండా బల్ల మీద కూర్చున్నారు.

“నిన్నెందుకు పంపించారమ్మాయ్?”

“ఆవిడ నాకు గురువు కదా సార్. గురువు పేరొస్తే శిష్యులు లేచి వెళ్లిపోవాలని రూలు. మరి మీరు?”

“నేను ఆవిడకి పగవాణ్ణట. పగవాళ్లూ ఉండకూడదట.”

“సాలీళ్లకి వినపడుతుందని ఆవిడంటే, వినపడదని మీరు పత్రికలకెక్కి పోట్లాడారు మరి!”

“పోట్లాడాను. ఇప్పుడు లోపలున్నదెవరు?”

“ఒకాయన రాళ్లు చదివారు, ఒకాయన నక్షత్రాలు చదివారు. ఇంకొకావిడకి సాలీడంటేనే హడల్.”

“అంటే, ఆవిడ పని తెలిసిన మనిద్దరమే ఇక్కడ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నామన్నమాట. పద లోపలికి.”

“వద్దు సార్! మిమ్మల్ని కమిటీలోంచే తీసేస్తారు.”

“తీసెయ్యమను. ఆవిడ చెప్పింది తప్పని తేల్చాలని జుట్టు నెరిసేదాకా నానా తంటాలు పడ్డాను. నావల్ల కాలేదు.”

“ఆ మాట లోపల చెప్తారా సార్?”

“శిష్యురాలు పొగిడితే కొట్టిపారేస్తారు. పగవాడు పొగిడితే ఎలా కాదంటారో నేనూ చూస్తాను. తియ్యి తలుపు!”