గన్నేరాకు అంచు

మొక్కల చిత్రకారుల సంఘం ప్రదర్శన రేపు. హాల్లో కార్యదర్శి చివరి బొమ్మకు పేరుచీటీ రాస్తోంది. ఆ బొమ్మ వేసినామె చనిపోయి రెండు నెలలైంది. ఆమె భర్త, బడిపంతులు, ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“మాస్టారూ, అక్కయ్య పేరు తప్పు రాసిందేమో. కింద గన్నేరు అనుంది. గన్నేరాకు అంచు నున్నగా కదా ఉండాలి? ఇదేమో రంపప్పళ్ళలా ఉంది.”

“గన్నేరేనమ్మా. మా మెట్ల పక్క కుండీలోదే.”

“మరి ఈ పళ్ళేంటి? వెంట్రుకవాసి తేడా వస్తే మా బొమ్మలు చింపించేది తనే!”

“బడికి మాస్టర్ని నేనే గానీ, బెత్తం ఆవిడదిలే. ఏదీ, ఇలా ఇవ్వు... ఇవి పళ్ళు కాదమ్మా. చెయ్యి వణికింది.”

“ఎప్పుడు వేసింది?”

“తేదీ వేసింది చూడు. ఆస్పత్రిలో చేరడానికి ఐదు నెలల ముందు.”

“అప్పుడు మీకు తెలీలేదా?”

“కాఫీ సగం కప్పే పోసుకునేది. తగ్గిస్తున్నానంది. నమ్మాను.”

“తప్పున్నా గోడకు పెడదాం మాస్టారూ. చెయ్యి బాగోలేనప్పుడు వేసిందని చీటీలో రాస్తాను.”

“వద్దమ్మా, చుట్టి ఇచ్చెయ్యి. నాకే చెప్పకుండా దాచుకుంది. నలుగురికీ నేనెలా చెప్పేది?”