ఎంగిలాకు పేరు

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో, గొర్రెలు మేపుకునే ఒక ఇంట్లో, పేరు పెట్టే పండగ పొద్దున. పార్టీ నాయకుడు, ఊరంతా పెద్దాయన అని పిలిచే మనిషి, తానే వచ్చి పేరు పెడతానని కబురు పంపాడు. మొగుడు చెన్నకేశవ హత్యకు గురయ్యాక పుట్టిన బిడ్డను గుండెకు పొదువుకుని ఓబులమ్మ పెరటివైపు నడిచింది. అత్త వెంకటలక్ష్మమ్మ అంతకంటే ముందే వెళ్లి వాకిలికి అడ్డంగా నిలబడింది. ఒంట్లో సత్తువ తగ్గినా, అడ్డం నిలబడటం మాత్రం ఆమె మరిచిపోలేదు.

"పసిబిడ్డను ఎత్తుకోని యాడికి?"

"పెంటదిబ్బ కాడికి. నిన్ననే చెప్తి గదా అత్తా."

"చెప్తే? చెప్తే అయిపోయిందా? నేను సరే అంటినా?"

"సరే అనలేదు, వద్దనలేదు. గొర్లకు నీళ్లు పెట్టాలని లేచిపోతివి."

"ఇప్పుడంటాండా. వద్దు. లోపలికి పో."

"అఖ్తర్ బీ దిబ్బ కాడ కాసుకోనుంది. ఎండెక్కుతాంది. జరుగు."

"పక్కింటామెను గూడా దించినావా దీంట్లోకి?"

"ఇంటోళ్లు ఎత్తుకోగూడదంట గదా! పుల్లాకులో, అదే ఎంగిలి విస్తరాకులో, బిడ్డను పడుకోబెట్టి దిబ్బ మీద పెడతా. ఆమె వచ్చి, ఎవురి బిడ్డో దిబ్బలో దొరికినాడు అని ఎత్తుకుంటాది. చేటెడు తవుడిచ్చి నేను కొనుక్కుంటా. పుల్లయ్య అని పిలుచుకుంటా. ఎంతసేపు పని?"

"పుల్లయ్యంట, పుల్లయ్య! ఎంగిలాకు పేరు. ఈ కాలంలో ఎవురన్నా పెడతారా? మీ నాయన ఏమన్యాడు నిన్న? ఆ పేరు పెడితే ఈ గడప తొక్కనన్యాడు."

"తొక్కొద్దను."

"మీయమ్మ ఏడ్చుకుంట ఇంటికి పోయె. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. రేపు ఇస్కూల్లో పిలకాయలు నవ్వరా వీన్ని చూసి?"

"నవ్వనీ. నవ్వినోళ్లు నరకరు గదా."

"ఆ మొక్కుబడి బిడ్డలు నిలవనోళ్లు చేసేది. నీకేం పోయినారు? తొలిచూలు. వీడు గుండ్రాయి మాదిరి ఉండాడు."

"వాళ్ల బిడ్డలు పురిట్లో పోతారు. మన బిడ్డలు మీసాలొచ్చినంక పోతారు. పోయేది పోయేదే గదా అత్తా?"

"థూ, నీ నోట్లో మన్ను పడ! పేరు పెట్టేనాడు అనే మాటలేనా?"

"మల్ల యాన్నాడు అనాల? చిన్నమామ కొడుకు యల్లయ్యను తల్చుకో. తాతను చంపినారని తాత పేరు పెట్టిరి. పది గూడా పాసు కాలే, చేతికి బాంబుల బక్కెట్ ఇచ్చిరి. వాడెవుడో ఆ పక్క పార్టీవోళ్లకు ఒకరు చెప్పాల్నా? పేరే చెప్పె. మరుసటేటికి వాడూ పాయె. ఇప్పుడు వాని పేరు ఇంకోనికి పెట్టినారు."

"చచ్చినోళ్ల పేరు నిలబెట్టేది మన వంశంలో ఉండేదే."

"పేరు నిలబడతాంది. మనుషులే నిలబడలే."

"శానా మాట్లాడుతాండావు నువ్వు. మొగుడు పోయినంక నోరు లేచింది."

"మొగుడుంటే నోరుతో పనేముంది?"

"చూడమ్మీ, నా మాట ఇను. పెద్దాయన వస్తాండాడు. ప్రొద్దుటూరులో బంగారు డాలరు చేయించినాడంట, దాని మీద చెన్నకేశవ అని చెక్కించినాడంట. ఆ డాలరు మెళ్లో ఏసి, పేరు పెట్టి, ఊరందరి ముందర ఫోటో తీయించుకుంటాడు. ఆయన వచ్చేసరికి వీడు దిబ్బ మీద ఎంగిలాకులో ఉండాల్నా?"

"ఫోటో ఎందుకో నీకు తెలీదా? జెడ్పీ ఎలచ్చన్లు వస్తాండాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, చచ్చినోని పేరు చెప్పి ఓట్లడుగుతాడు."

"మెల్లగా! గోడకవతల మనుషులుండారు."

"ఉండనీ. ఆపొద్దు శవం కాడ ఏం చేసినాడు? నిండు కడుపుతో ఏడుస్తాంటే నన్ను లేపి నిలబెట్టి, నా కడుపు దిక్కు చెయ్యి చూపించి, మైకులో చెప్పలా? చెన్నకేశవ మల్ల పుడతాండాడు, వాళ్లను ఒక్కొక్కర్ని అడుగుతాడు అని. నా బిడ్డ కండ్లు గూడా తెరవలేదత్తా. అప్పుడే వాని నెత్తిన పగ పెట్టినాడు."

"దుఃఖంలో అన్న మాటలు."

"మైకులో అన్న మాటలు. ఆ పక్కోళ్లూ ఇన్యారు. కాన్పయిన మర్నాడు ఆస్పత్రికి ఎవుడో వచ్చి, ఆడా మొగా అని ఆయాను అడిగిపోయినాడు. మన మనిషి కాదు."

"తెలుసు."

"తెలుసా? తెలిసి గూడా చెన్నకేశవ అని పెట్టమంటాండావా?"

"తెలుసు గాబట్టే అంటాండా! ఆయన పెట్టిన పేరు కాదంటే ఆయన మన మీంచి చెయ్యి తీస్తాడు. చెయ్యి తీస్తే మన గొర్లు ఎవురి బీట్లో మేస్తాయి? వాకిట్లో కాపలా ఎవురుంటారు? ఆ చెయ్యి ఉండాది గాబట్టే ఇంకా ఈ ఇంటి తలుపు విరగలే."

"ఆ చెయ్యి నీ కొడుకు మీద గూడా ఉండె గదా."

"ఉండె."

"మల్ల?"

"మల్లేముంది. ఉన్యా పోతారు, లేకున్యా పోతారు. ఉంటే నాలుగేండ్లు ఎక్కువ."

"నాకు నాలుగేండ్లు వద్దత్తా. వీడు ముసలోడు కావాల. నడుం వంగి, పండ్లూడి, గొర్ల ఎంట కట్టె పట్టుకోని పోవాల. పుల్లయ్య తాతా అని పిలకాయలు ఎగతాళి చేయాల. అంతే నేను అడిగేది. పేరు లేనోన్ని ఎవురూ ఎతుక్కోని రారు. దిబ్బలో దొరికినోనికి నాయన లేడు, పగ లేదు."

"అట్ల ఉంటే బాగుండు."

"ఉంటాది. పులివెందులలో మా అక్క కాడికి తీసకపోతా. ఆడ ఈ పేరుతోనే పెరుగుతాడు."

"నీ మొగున్ని నరికింది ఆ పులివెందుల దావలోనే. కోర్టు వాయిదాకు పోయొస్తాంటే."

"తెలుసు. నాకు తెలీంది ఒకటే. ఆయప్ప జీపు ఎందుకు దిగినాడు? ఊరు చేరేదాకా ఎవురు పిలిచినా దిగొద్దు అని నేను ఒట్టేయించుకుంటి. తలకాయ మీద చెయ్యి పెట్టి ఒట్టేసె. జిలానీ బండి నడుపుతాండె, బతికొచ్చె. వాన్ని ఎన్నిసార్లు అడిగినా తల దించుకుంటాడు, ఒక్క మాట చెప్పడు."

"వాన్ని అడగొద్దు."

"ఎందుకు?"

"వద్దంటి గదా. అదిగో, హారను. వంక దాటినారు. లోపలికి పద."

"లోపలికి కాదు, దిబ్బ కాడికి. జరుగు అత్తా, నీ కాళ్లు పట్టుకుంటా. ఆయన పేరు పెట్టేలోపల ఈ పని అయిపోవాల. జరుగు!"

"ముక్కు కుట్టేదానికి ఎవురన్నా ఉండారా?"

"ఏంది?"

"దిబ్బ మీంచి ఎత్తంగానే కుడిముక్కు కుట్టాల. అరిటాకు గాదు, కుట్టిన విస్తరాకు కావాల. తవుడిచ్చేటప్పుడు బిడ్డ మొగం చూడగూడదు. ఇవన్నీ తెలీకుండానే బయల్దేరితివి."

"నీకెట్ల తెలుసు?"

"పాతకాలం దాన్ని. తెలీదా?"

"కుడిముక్కంటివి. నీ కొడుక్కు కుడిముక్కు మీద చిన్న తూటు మచ్చ ఉండె. నేనడిగితే ఆటలమ్మ పోసిన మచ్చ అనె."

"వానికి సిగ్గు. అందుకే అట్ల చెప్పినాడు."

"అత్తా?"

"వానికంటే ముందు ఎవురూ నిలవలే నాకు. ఇదే దిబ్బ. ఇదే పొద్దు. అఖ్తర్ బీ వాళ్లత్త ఎత్తుకునింది. తవుడిచ్చి నేనే కొనుక్కున్యా. పుల్లయ్య. పన్నెండేండ్లు వచ్చేదాకా వాడు పుల్లయ్యే."

"ఒక్కరూ చెప్పలేదే నాకు! ఊళ్లో ఒక్కరూ అనలేదే!"

"వాన్ని జీపులో ఎక్కించుకున్యప్పుడు పెద్దాయన వాళ్ల నాయన అన్యాడు, నా ఎంట తిరిగేటోనికి ఎంగిలాకు పేరేందిరా అని. చెన్నకేశవ అన్యాడు. ఆ ఇంటోళ్లు తీసేసిన పేరు ఊరు మర్చిపోకుండా ఉంటాదా? నేను గూడా మర్చిపోయినట్టే ఉంటి."

"మల్ల అదే గదా! ఆ పేరు తీసేసినందుకే పోయినాడు! పుల్లయ్యగానే ఉండనిచ్చింటే గొర్లు కాసుకోని బతికేటోడు. నేను చెప్పేదీ అదే. జరుగు, ఇంక నువ్వు గూడా రా నా ఎంట. ఆకు నువ్వే పరుచు."

"నేనూ అట్లనే అనుకున్యా. పేరు మార్చనిస్తినే, చంపుకుంటినే అని శవం కాడ అదే అనుకుంట ఏడిస్తి. జిలానీ చెప్పేదాకా."

"జిలానీ నీకు చెప్పినాడా? ఏం చెప్పినాడు?"

"వద్దమ్మీ."

"జీపు వీధిలోకి వచ్చేసె. చెప్పు అత్తా. చెప్పకుంటే నేను ఈడనుంచి కదల్ను, బిడ్డను ఎవురికీ ఇయ్యను. ఏం చెప్పినాడు?"

"చెన్నకేశవా అని పిలిచింటే వాడు దిగేటోడే గాదంట. దావ పక్కన రేగిచెట్ల లోంచి ఎవురో పుల్లా, ఓ పుల్లా అని పిలిచినారంట. ఆ పేరు తెలిసినోళ్లు ఎవురుంటారమ్మీ? చిన్నప్పుడు వానితో గొర్లు కాసినోళ్లే, ఇప్పుడు ఆ పక్క తిరుగుతాండేటోళ్లు. అన్నేండ్లకు ఆ పేరు ఇనపడేసరికి, బండి ఆపరా జిలానీ, మనోళ్లే అని నవ్వుకుంట దిగినాడంట."